చరిత్ర పాఠానికి ఏ క్విజు, ఏ ఆట? ఎంచుకునే ముందు చూడవలసినవి

ఏడో తరగతికి విజయనగర సామ్రాజ్యం పాఠం పూర్తయిన మరునాడు తెర మీద క్విజు పెట్టాను. ఐదుగురికి ఒక ట్యాబు. ఎంత త్వరగా నొక్కితే అన్ని ఎక్కువ పాయింట్లు. ఇరవై నిమిషాల పాటు గది హోరెత్తిపోయింది. పక్క తరగతి పిల్లలు కిటికీల దగ్గర గుమిగూడారు. నాకూ సంతోషమే కలిగింది. ఆట ముగిశాక రెండో వరుసలో కూర్చునే ఒక అమ్మాయి దగ్గరకు వచ్చి, "టీచర్, కొత్త రాజధాని పెనుకొండ అని నాకు తెలుసు. నేను ప్రశ్న చదివేలోపే మావాళ్ళు వేరేది నొక్కేశారు" అంది. ఆ పిల్ల కూడబలుక్కుని చదువుతుంది. వినేటప్పుడు మాత్రం ఒక్క మాట వదలదు. మర్నాడు గెలిచిన జట్టును లేపి, తళ్ళికోట యుద్ధం తరువాత రాజధానిని ఎందుకు మార్చవలసి వచ్చిందని అడిగాను. "రెండో జవాబు టీచర్" అని ఒకబ్బాయి ఠక్కున చెప్పాడు. వాడికి గడి గుర్తుంది, ఊరు గుర్తు లేదు.

అప్పటి నుంచి ఏ క్విజు చూసినా, ఏ ఆట చూసినా ముందుగా ఒకటే అడుగుతున్నాను: ఇందులో గెలుపు దేనివల్ల వస్తోంది? వేలి వేగం వల్లనా, పాచిక వల్లనా, పాఠం గుర్తుండటం వల్లనా, కారణం ఆలోచించడం వల్లనా? తోటి ఉపాధ్యాయులు "ఏ యాప్ మంచిది?" అని అడిగినప్పుడల్లా నా జవాబు ఇక్కడి నుంచే మొదలవుతుంది. పిల్లలు గెలవడానికి ఏం చేస్తారో అదే నేర్చుకుంటారు.

తెర మీద ఆడే క్విజులు

ఈ రకంలో ఎక్కువ మందికి తెలిసినది కహూట్. నార్వేలో పుట్టింది, 2013లో అందుబాటులోకి వచ్చింది. ప్రశ్న తరగతి ముందున్న పెద్ద తెర మీద కనిపిస్తుంది. పిల్లలు చేతిలోని ఫోనులోనో ట్యాబులోనో జవాబు నొక్కుతారు. మామూలు అమరికలో దాని లెక్క ఇలా ఉంటుంది. ప్రశ్నకు 1000 పాయింట్లు, 20 సెకన్ల గడువు అనుకుందాం. 2 సెకన్లలో సరైన జవాబు నొక్కిన పిల్లవాడికి 950 వస్తాయి. 18 సెకన్లు ఆలోచించి అదే జవాబు నొక్కిన పిల్లకు 550 వస్తాయి. ఇద్దరికీ తెలిసిన చరిత్ర ఒక్కటే, 400 పాయింట్ల తేడా వేగానిది. ఇంట్లో కథల పుస్తకాలు, దినపత్రిక చూస్తూ పెరిగిన పిల్లలకు ఆ వేగం ముందే ఉంటుంది. బడిలో తప్ప అచ్చు అక్షరం కంటపడని పిల్లలు ప్రతిసారీ వెనకబడతారు, కొన్నాళ్ళకు "నాకు సోషల్ రాదు" అని తేల్చుకుంటారు.

ఇది సరిచేసుకోలేని సమస్య కాదు. ప్రశ్న తయారుచేసేటప్పుడే గడువు పెంచుకోవచ్చు, పాయింట్లు తీసేయనూ వచ్చు. ప్రశ్నను మీరే పైకి చదివి వినిపించండి. జట్లుగా ఆడిస్తుంటే ట్యాబు పట్టుకునే పిల్లలను ప్రతి ప్రశ్నకూ మార్చండి. తెలుగులో ప్రశ్నలు టైపు చేసేవారికి ఇంకొక సంగతి చెప్పాలి. ప్రశ్నకు అక్షరాల పరిమితి ఉంటుంది. గుణింతపు గుర్తులు, ఒత్తులు కూడా విడివిడిగా లెక్కకు వస్తాయి కాబట్టి మన కంటికి చిన్నగా కనిపించే వాక్యం కూడా పరిమితి దాటిపోతుంది. అందుకని ఉపోద్ఘాతాన్ని నోటితో చెప్పి, తెర మీద అసలు ప్రశ్న మాత్రమే ఉంచుతాను. ఉచిత ఖాతాలో ఎంతమంది ఆడవచ్చన్నది మారుతూ ఉంటుంది, తరగతికి వెళ్ళేముందు చూసుకోండి.

ఇలాంటి క్విజు పాఠం మొదట్లో పెడితే ఊహించి నొక్కడం అలవాటవుతుంది. యూనిట్ పూర్తయ్యాక, అందరికీ కొంత తెలిశాక, శనివారం చివరి పీరియడులో పెడితే ఆ ఉత్సాహం అక్కరకు వస్తుంది. నెలకు ఒకసారి చాలు.

క్విజిజ్ దీనికి కొంత భిన్నం. 2015లో బెంగళూరులో మొదలైన సంస్థ ఇది, 2025లో వేగ్రౌండ్ అని పేరు మార్చుకుంది. ఇందులో ప్రశ్న ఎవరి తెర మీద వారికి వస్తుంది, ఎవరి వేగంతో వారు వెళ్ళవచ్చు, గడువు లేకుండానూ పెట్టవచ్చు. ఇంటి పనిగా ఇవ్వవచ్చు. నాకు బాగా నచ్చేది చివర్లో వచ్చే పట్టిక. ఏ ప్రశ్నకు ఎంతమంది తడబడ్డారో అందులో తేటగా కనిపిస్తుంది. ఎక్కువ మంది ఒకే తప్పు జవాబు పెట్టారంటే, నా బోధనలో ఎక్కడో తేడా ఉందని అర్థం. మర్నాటి పాఠం అక్కడి నుంచే మొదలుపెడతాను.

అయితే ఇది ఒక్కొక్కరికి ఒక్కొక్క తెర అడుగుతుంది. పిల్లలు బడికి ఫోను తేకూడదు. ఇంటి పని అంటే, నాన్న పని నుంచి వచ్చాక రాత్రి ఎనిమిదింటికి దొరికే ఫోను. దానికోసం అక్క, తమ్ముడు కూడా ఎదురుచూస్తుంటారు. అందరికీ ట్యాబులున్న బడిలోనో, అడగగానే ఫోను దొరికే ఇళ్ళలోనో తప్ప దీన్ని మార్కులకు ముడిపెట్టకండి.

ఒక్క ఫోనుతో నడిచే క్విజు

నలభై మంది పిల్లలు, ఒక ఉపాధ్యాయురాలు, ఆమె చేతిలో ఒక ఫోను. మన బడుల్లో చాలాచోట్ల ఉన్నది ఇంతే. ఇలాంటి చోటికి ప్లికర్స్ అనే యాప్ సరిగ్గా సరిపోతుంది. పిల్లల చేతిలో కాగితం మాత్రమే ఉంటుంది. ప్రతి కాగితం మీద నలుపు తెలుపు గళ్ళ బొమ్మ ఒకటి, దానికొక సంఖ్య. బొమ్మ నాలుగు పక్కలా ఏ, బి, సి, డి అక్షరాలు చిన్నగా ఉంటాయి. తన జవాబు ఏ అక్షరమైతే ఆ పక్క పైకి వచ్చేలా కాగితాన్ని తిప్పి పట్టుకోవాలి. మీరు ఫోను కెమెరాను గది అంతటా నెమ్మదిగా తిప్పితే, ఎవరి జవాబు ఏమిటో నమోదైపోతుంది. ఏ ఇద్దరి బొమ్మా ఒకేలా ఉండదు కాబట్టి పక్కవాళ్ళ కాగితం చూసి తిప్పినా లాభం లేదు.

దీనిలో గెలుపు వేగం వల్ల రాదు. తొందరపెట్టేవారు ఎవరూ లేరు. అందరూ కాగితం ఎత్తేదాకా మీరు ఆగుతారు. తప్పు చెప్పిన పిల్ల ఎవరో మిగతా పిల్లలకు తెలియదు, మీకు తెలుస్తుంది. భయపడి చెయ్యెత్తని పిల్లలు మొదటిసారి జవాబు చెప్పడం నేను ఈ కాగితాలతోనే చూశాను.

మొదటి రోజు నాలుగైదు కాగితాలు ఎంతకీ నమోదు కాలేదు. దగ్గరకు వెళ్ళి చూస్తే, పిల్లలు బొటనవేలితో బొమ్మ అంచును కప్పేస్తున్నారు. అంచుల దగ్గర, తెల్లని చోట పట్టుకోవాలని చూపించాక సర్దుకుంది. చిరిగిపోకుండా ఉంటాయని లామినేషన్ చేయించాను, అది పొరపాటయింది. కిటికీ వెలుగు దాని మీద పడి మెరుస్తుంటే కెమెరా బొమ్మను చదవలేకపోయింది. ఇప్పుడు మందపాటి అట్ట మీద అంటించి వాడుతున్నాను, రెండేళ్ళుగా అవే నడుస్తున్నాయి. హాజరు పట్టీలోని వరుస సంఖ్యనే కాగితం సంఖ్యగా ఇస్తే పంచడం, తిరిగి తీసుకోవడం తేలిక. క్విజిజ్‌లో కూడా ఇలా కాగితాలతో ఆడించే పద్ధతి ఉంది కాబట్టి, దానికి అలవాటుపడినవారు కొత్త యాప్ వెతుక్కోనక్కర లేదు.

ఫోను కూడా లేకపోతే పలక ఉంది. ప్రశ్న చదివి, లోపల పది అంకెలు లెక్కపెట్టి, "ఎత్తండి" అంటే నలభై పలకలు ఒక్కసారి లేస్తాయి. నమోదు ఉండదు, మిగతా ప్రయోజనమంతా ఉంటుంది. పలక మీద అయితే పిల్లలు ఏ బి సి డిలు కాకుండా జవాబును అక్షరాలా రాయవలసి వస్తుంది. ఆ విషయంలో అది యాప్‌ల కంటే ఒక మెట్టు పైన ఉంది.

ఏది వాడినా ప్రశ్నే ప్రాణం

యాప్ ఎంపిక మీద పెట్టే శ్రద్ధలో సగం ప్రశ్నల మీద పెడితే తరగతి మారిపోతుంది. "తళ్ళికోట యుద్ధం ఏ సంవత్సరంలో జరిగింది?" అన్నది బిట్ పేపరు ప్రశ్న. 1565 అని తెలిసినవారికి తెలుస్తుంది, తెలియనివారు ఊహిస్తారు. పిల్లల మనసులో ఏముందో ఆ ప్రశ్న నాకు చెప్పదు. అదే యుద్ధం మీద ఇలా అడిగి చూడండి: "తళ్ళికోట యుద్ధంలో విజయనగర సేనను నడిపినది ఎవరు?" జవాబుల్లో అళియ రామరాయలతో పాటు శ్రీకృష్ణదేవరాయలను కూడా పెట్టండి. సగం తరగతి కృష్ణదేవరాయల వైపు వెళ్తుంది. విజయనగరం అంటే పిల్లలకు తెలిసిన రాజు ఆయనొక్కరే కాబట్టి, ఆ సామ్రాజ్యంలో ఏం జరిగినా ఆయన కాలంలోనే జరిగిందనుకుంటారు. ఆయన 1529లోనే కన్నుమూశాడని, యుద్ధం ఆ తరువాత 36 ఏళ్ళకు జరిగిందని అప్పుడు చెబితే, ఆ రెండు సంవత్సరాలకూ ఒక పని దొరుకుతుంది.

కాకతీయుల పాఠంలోనూ ఇదే. 1323లో ఓరుగల్లు ఢిల్లీ సైన్యానికి చిక్కినప్పుడు పాలిస్తున్నది ఎవరని అడిగితే రుద్రమదేవి పేరు చెప్పే పిల్లలు ప్రతి ఏడాదీ ఉంటారు. ఆమె మరణించి అప్పటికి ముప్పై ఏళ్ళకు పైగా అయింది, పాలిస్తున్నది ప్రతాపరుద్రుడు. ఇలాంటి పొరపాట్లను ఒక నోటు పుస్తకంలో రాసి పెట్టుకోండి. మంచి క్విజు ప్రశ్నకు కావలసిన తప్పు జవాబులు అక్కడే దొరుకుతాయి. ఎవరూ నమ్మని తప్పు జవాబును పెట్టడం వల్ల ప్రయోజనం లేదు.

క్విజు ఎప్పుడు పెట్టాలన్నదీ ముఖ్యమే. రోడిగర్, కార్పికె అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో ఒక ప్రయోగం ప్రచురించారు. విద్యార్థులు ఒక వ్యాసం చదివారు. కొందరు దాన్ని మళ్ళీ చదివారు, కొందరు పుస్తకం మూసి గుర్తున్నది రాశారు. ఐదు నిమిషాల తరువాత పరీక్ష పెడితే మళ్ళీ చదివినవారిదే పైచేయి, 81 శాతానికి 75 శాతం. వారం తరువాత పెట్టేసరికి లెక్క తిరగబడింది. గుర్తు తెచ్చుకుని రాసినవారికి 56 శాతం గుర్తుంటే, రెండుసార్లు చదివినవారికి 42 శాతమే గుర్తుంది. దీన్నిబట్టి నేను ఒక పద్ధతి పెట్టుకున్నాను. ప్రతి సోమవారం మొదటి ఐదు నిమిషాలు, ఐదు ప్రశ్నలు. రెండు పోయిన వారం పాఠం నుంచి, రెండు పోయిన నెల నుంచి, ఒకటి ఎప్పటిదో పాతది. మార్కులు ఉండవు. క్విజు అనే పరికరానికి ఇంతకంటే మంచి వినియోగం నాకు కనిపించలేదు. గుర్తు తెచ్చుకోవడం వరకు అది బంగారం. ఎందుకు జరిగింది, ఇంకోలా జరిగి ఉండేదా అన్న ప్రశ్నలకు ఇంకొక రకం ఆట కావాలి.

వైకుంఠపాళి, పులిజూదం

చార్టు మీద వైకుంఠపాళి గీసి, నిచ్చెనల దగ్గర విజయాలు, పాముల దగ్గర ఓటములు రాసి ఆడించడం చాలా బడుల్లో కనిపిస్తుంది. పిల్లలకు ఇష్టం, గోడకు అందం. చరిత్ర నేర్పడానికి మాత్రం దీన్ని ఎంచుకోవద్దని చెబుతాను. గెలుపంతా పాచికది. పాము నోట్లో పడిన పిల్లవాడు అక్కడ ఏం రాసి ఉందో చదవడు, తోక ఎక్కడుందో చూస్తాడు. ప్రశ్నకు జవాబు చెబితేనే నిచ్చెన ఎక్కాలని నియమం పెడితే కొంత మేలు, కానీ అప్పుడది పటం మీద కూర్చున్న క్విజే.

పులిజూదం సంగతి వేరు. మా వైపు మూడు పులులు, పదిహేను మేకలతో ఆడతారు, కొన్ని ఊళ్ళలో లెక్క మారుతుంది. పాత గుళ్ళ మండపాల్లో బండల మీద చెక్కిన పటాలు ఇప్పటికీ కనిపిస్తాయి. పులులు కొద్ది, బలం ఎక్కువ. మేకలు ఎక్కువ, ఒంటరిగా బలహీనం. మేకలు కలిసికట్టుగా దారులు మూసేస్తే పులి కదల్లేదు. దీన్ని అల్లూరి సీతారామరాజు పాఠానికి వాడాను. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు పోలీసు స్టేషన్ల మీద దాడి చేసి ఆయుధాలు పట్టుకుపోయిన దళం అది. ఆ తరువాత ప్రభుత్వం మలబారు పోలీసులను, అస్సాం రైఫిల్స్‌ను దింపి మన్యాన్ని చుట్టుముట్టింది. పటం గీసి, ముందుగా పిల్లలను ఒకటే అడిగాను. ఈ కథలో పులులు ఎవరు, మేకలు ఎవరు?

పావుగంట వాదించుకున్నారు. తుపాకులున్న సర్కారే పులి అని కొందరు. కొద్దిమందితో వచ్చి కొట్టి అడవిలోకి మాయమయ్యేవాడు పులి కాక ఎవరని ఇంకొందరు. చివరికి రెండు రకాలుగానూ ఆడి చూశారు. ఆట అయ్యాక ఒక అబ్బాయి, "టీచర్, రాజుకు అన్నం పెట్టినవాళ్ళు, దారి చూపినవాళ్ళు ఈ పటంలో లేరు" అన్నాడు. పోడు వ్యవసాయం మీద ఆంక్షలు, రోడ్ల పనిలో కూలి ఎగవేతలు, ఊరు ఆయన వైపు ఎందుకు నిలబడిందన్నది ఆ పటంలో నిజంగానే లేవు. ఆటలో ఏం లేదో కనిపెట్టిన క్షణంలో పాఠం మొదలైంది. పులిజూదాన్ని ఎంచుకునేవారు ఆట తరువాత పది నిమిషాలు ఆ మాటల కోసం తప్పక మిగుల్చుకోండి. ఆడించి గంట కొట్టేస్తే మిగిలేది జూదమే.

తాడు మీద కాలం

ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ అయినది ఏదని అడిగితే నేను ఇదే చెబుతాను. ఎనిమిది మీటర్లకు కొంచెం పైగా తాడు, పదిహేను అట్టముక్కలు, బట్టలు ఆరేసే క్లిప్పులు. అట్ట ముందు వైపు ఘటన, వెనక సంవత్సరం. సెంటీమీటరుకు ఒక ఏడాది. రామప్ప గుడి కట్టిన 1213 దగ్గర మొదలుపెడితే, తెలంగాణ ఏర్పడిన 2014కు 801 సెంటీమీటర్లు. గది ఈ గోడ నుంచి ఆ గోడకు సరిపోతుంది.

మధ్యలో నేను పెట్టేవి ఇవి: గణపతిదేవుడి మోటుపల్లి అభయ శాసనం 1244, ఓరుగల్లు పతనం 1323, కృష్ణదేవరాయల పట్టాభిషేకం 1509, తళ్ళికోట 1565, చార్మినార్ 1591, గోల్కొండ మొగలుల వశం కావడం 1687, బొబ్బిలి యుద్ధం 1757, ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి కావడం 1852, హైదరాబాదు రెసిడెన్సీ మీద తుర్రేబాజ్ ఖాన్ దాడి 1857, చీరాల-పేరాల 1921, రంప తిరుగుబాటు 1922, పొట్టి శ్రీరాములు ఆత్మార్పణ 1952, ఆంధ్ర రాష్ట్రం 1953. మీ ఊరి గుడి, చెరువు, బడి కట్టిన సంవత్సరం తెలిస్తే ఒక అట్ట అదనంగా చేర్చండి. పిల్లలు ముందుగా వెతికేది దాన్నే.

సంవత్సరం చూడకుండా, ఆలోచించి తాడుకు తగిలించాలి. ఎందుకు అక్కడ పెట్టారో చెప్పాలి. ఇక్కడ గెలుపు కారణం చెప్పడం వల్ల వస్తుంది. ఒకసారి ఒక జట్టు ఆనకట్టను బొబ్బిలి యుద్ధానికి ముందు తగిలించింది. అవతలి జట్టు అమ్మాయి లేచి, "బొబ్బిలి మీదికి వచ్చింది ఫ్రెంచివాళ్ళ బుస్సీ కదా. అప్పటికి ఈ జిల్లాలు కంపెనీ చేతికి రాలేదు. కంపెనీ లేకుండా కాటన్ దొర ఆనకట్ట ఎలా కడతాడు?" అంది. సంవత్సరం ఆ పిల్లకు తెలియదు. అయినా తప్పు పట్టుకుంది. చరిత్ర చదవడమంటే ఏమిటో నాకు ఆ ఒక్క వాక్యంలో కనిపించింది.

అన్నీ తగిలించాక పిల్లలు తాడు పొడవునా నడుస్తారు. మోటుపల్లి శాసనం నుంచి తళ్ళికోట దాకా మూడు మీటర్లకు పైగా నాలుగైదు అడుగులు వేస్తారు. చివరి మీటరులో అట్టలు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చుంటాయి. రంప తిరుగుబాటుకూ పొట్టి శ్రీరాములుకూ మధ్య దూరం ఒక స్కేలంత, 30 సెంటీమీటర్లు. "మా తాత అప్పటికి పుట్టాడు టీచర్" అని ఎవరో ఒకరు అనకుండా ఉండరు. ఏ యాప్‌లోని కాలరేఖా ఈ పని చేయలేదు. తెర మీద అన్ని దూరాలూ వేలితో జరిపేంతే కదా.

సభ: చీరాల-పేరాల

అన్నిటికంటే ఎక్కువ శ్రమ, ఎక్కువ సమయం తీసుకునేది పాత్రలు ధరించి చర్చించే ఆట. ఏడాదికి రెండుసార్లకు మించి నేను చేయించలేను. అయినా పదేళ్ళ తరువాత కలిసిన పిల్లలు గుర్తుచేసేది దీన్నే.

చీరాల-పేరాల ఇందుకు చక్కగా కుదురుతుంది. రెండు ఊళ్ళను కలిపి ప్రభుత్వం పురపాలక సంఘం చేసింది. ఏడాదికి నాలుగు వేల రూపాయలున్న పన్ను నలభై వేలకు చేరింది. జనం చాలామంది చేనేతవారు, చిన్న వ్యాపారులు. 1921 ఏప్రిల్‌లో గాంధీజీ చీరాల వచ్చినప్పుడు పన్ను కట్టకుండా శాంతియుతంగా నిరాకరించడం, లేదంటే ఊరినే వదిలి పురపాలక హద్దు బయటికి వెళ్ళిపోవడం అనే దారులు వారి ముందుంచారు. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వం. ఇక్కడ కథ ఆపేస్తాను. ఆ తరువాత ఏమైందో చెప్పను.

తరగతి ఊరి సభ అవుతుంది. ఒక్కో జట్టుకు ఒక్కో చీటీ: మగ్గం నడిస్తే తప్ప కూడు లేని నేత కుటుంబం, కొట్టు వదిలిపోలేని వ్యాపారి, పురపాలక సంఘం వల్ల వీధి దీపాలు, మంచినీరు వస్తాయని నమ్మేవాడు, పిల్లల్ని పెట్టుకుని పాకలో ఎలా ఉండాలని అడిగే తల్లి, నడవలేని ముసలమ్మ, పన్ను వసూలు చేయవలసిన ఉద్యోగి. కట్టాలా, కట్టకుండా జైలుకు పోవాలా, ఊరు వదలాలా? మాట్లాడేవారు చీటీలోని ఒక వాస్తవాన్ని ఆధారం చేసుకోవాలి. అప్పటిదాకా ఎవరూ చెప్పని కారణం చెప్పిన జట్టుకే పాయింటు. గట్టిగా అరిచినందుకు పాయింటు లేదు.

మొదట్లో చెప్పిన అమ్మాయి పెద్ద తరగతికి వచ్చాక ముసలమ్మ పాత్ర తీసుకుంది. చదవవలసినది చిన్న చీటీయే, తొందర లేదు. "మీరంతా పోతే నన్ను ఎవరు మోస్తారు? మోసేవాడు మగ్గం ఎప్పుడు నేస్తాడు?" అని అడిగింది. ఊరు వదులుదామని అంతసేపు ఆవేశంగా మాట్లాడిన జట్టు దగ్గర జవాబు లేదు. వాళ్ళు కూర్చుని, మంచం మోయడానికి వంతులు రాసుకున్నారు.

ఓట్లు లెక్కపెట్టాక అసలు జరిగినది చెబుతాను. సుమారు 15 వేల జనాభాలో 13 వేల మందికి పైగా ఊరు వదిలి బయట రామనగరం పేరుతో పాకలు వేసుకున్నారు. 11 నెలలు ఎండకూ వానకూ అక్కడే ఉన్నారు. నాయకుడు జైలుకు వెళ్ళాడు, డబ్బు అందలేదు, చివరికి తిరిగి రాక తప్పలేదు. ఆ మాట విన్నాక గది ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో చూడవలసిందే. పాఠ్యపుస్తకంలో నాలుగు వాక్యాలుగా చదివినప్పుడు అలా ఎప్పుడూ కాలేదు.

పాత్రలు వేయించేటప్పుడు ఒక జాగ్రత్త ఉంది, దీనిలో నేను రాజీపడను. హింసను, దేశ విభజన నాటి హత్యలను, రజాకార్ల దాడులను, కుల అవమానాన్ని పిల్లలతో అభినయింపజేయకూడదు. అలాంటి చోట్ల సభ పెట్టకుండా చదివించి, వినిపించి, మాట్లాడించాలి. పాత్రల చీటీలు పిల్లల ఎదుటే కలిపి తీయించండి. పిల్లల కులం, మతం చూసి పాత్ర ఇచ్చినట్టు లేశమైనా అనిపించకూడదు. ఆట అయ్యాక చీటీలు వెనక్కి తీసుకుని, ఒక్కొక్కరినీ సొంత పేరుతో పిలిచి, "ఇప్పుడు నువ్వేమంటావు?" అని అడగండి. పాత్రను బడిలోనే విడిచి ఇంటికి వెళ్ళాలి.

కంప్యూటర్ ఆటలు

అమెరికాలోని మిన్నెసోటాలో 1971లో ఒక చరిత్ర తరగతి కోసం తయారైన ఒరెగాన్ ట్రయల్ ఆట నుంచి సివిలైజేషన్, ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ దాకా ఎన్నో ఉన్నాయి. తరగతిలో వీటికి సమయం చాలదు. ఇంట్లో పిల్లలు ఎలాగూ ఆడుతుంటే తల్లిదండ్రులు పక్కన కూర్చుని "ఇది నిజంగా ఇలాగే జరిగిందా?" అని ఒక ప్రశ్న వేస్తే చాలు. అసాసిన్స్ క్రీడ్ అనే ఆట తయారుచేసినవారు ప్రాచీన ఈజిప్టు మీద 2018లో తెచ్చిన డిస్కవరీ టూర్ మాత్రం పోరాటాలు లేకుండా ఆ కాలపు వీధుల్లో తిరిగి చూసేందుకు చేసినది, పెద్ద తెర ఉంటే ఒక పీరియడు చూపించవచ్చు.

మీ పరిస్థితికి ఏది?

పదో తరగతి, పరీక్షలు నెల రోజుల్లో ఉన్నాయి అనుకోండి. సభల జోలికి వెళ్ళకండి. కాగితాల క్విజు లేదా పలకలు, రోజూ ఐదు నిమిషాలు, పాత పాఠాలు కలిపి. తాడును గోడకు కట్టి ఉంచండి, వస్తూ పోతూ చూస్తారు.

ఆరు, ఏడు తరగతులైతే తాడుతోనే మొదలుపెట్టండి. రాజుల పేర్లు వరుసగా అప్పజెప్పడం కన్నా ఎవరి తరువాత ఎవరు, ఎంత దూరంలో అన్నది ఆ వయసులో కుదిరితే పై తరగతుల్లో సగం బరువు తగ్గుతుంది. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు వాదించడానికి ఉవ్విళ్ళూరుతుంటారు, సభ వాళ్ళకోసం. తరగతిలో అరవై మంది ఉంటే సభను ముప్పై మందితో నడిపి, మిగతా ముప్పై మందిని విలేఖరులుగా కూర్చోబెట్టండి. మర్నాటికి ఒక్కొక్కరు అరపేజీ వార్త రాసి తేవాలి.

అందరికీ ట్యాబులు, నిలకడైన నెట్ ఉంటే క్విజిజ్ పట్టిక మీకు ఎంతో ఉపయోగపడుతుంది. నెట్ మధ్యలో ఆగిపోయే చోటైతే తెర క్విజు మీద ఒక్కదాని మీదే పీరియడు పెట్టుకోకండి. అవే ప్రశ్నలు కాగితం మీద రాసుకుని దగ్గర ఉంచుకోండి.

విదేశాల్లో వారాంతపు తెలుగు తరగతులు నడిపేవారికి ఇబ్బంది ఇంకోలా ఉంటుంది. అక్కడి పిల్లలకు తెరలున్నాయి, తెలుగు చదివే వేగం లేదు. వేగం క్విజు వాళ్ళను తెలుగుకే దూరం చేస్తుంది. గడువు తీసేసి, ప్రశ్నను పెద్దగా చదివి వినిపించండి. తాడు మీద అట్టల్లో అమ్మమ్మ ఊరిని ఒకటి చేర్చి, అక్కడి సంగతి ఫోనులో ఆవిడనే అడిగి రమ్మనండి.

ఒక్కటే మొదలుపెట్టగలిగితే, వచ్చే సోమవారం ఐదు ప్రశ్నలతో మొదలుపెట్టండి. ఆ ఐదింటిలో ఒకదానికైనా తప్పు జవాబుల్ని మీ పిల్లలు నిజంగా చేసిన పొరపాట్ల నుంచి తీసుకోండి. ఎంతమంది దాని వైపు వెళ్తారో లెక్క రాసి పెట్టుకోండి. నెల తరువాత అదే ప్రశ్నను మళ్ళీ అడిగి, పాత లెక్క పక్కన కొత్తది రాయండి. మీరు ఎంచుకున్న ఆట పనిచేస్తోందో లేదో ఆ రెండు అంకెలే చెబుతాయి.